మెత్తపుల్ల బాణాలు

ఆ ఎండాకాలం మా గొర్రెల మంద కృష్ణానది దాటలేదు. ఏటా శివరాత్రి వెళ్ళగానే మా గొల్లోళ్ళు గొర్రెలను తోలుకుని మిర్యాలగూడ మీదుగా ఏటి ఒడ్డుకు, అక్కడి నుంచి నల్లమల అడవికి పోయేవాళ్ళు. వానలు పడితేగానీ తిరిగొచ్చేవాళ్ళు కాదు. ఆ ఏడు బాటలన్నీ రజాకార్ల చేతిలో ఉన్నాయి. మంద కనబడితే మంద పోయేది, మనిషి కనబడితే మనిషి పోయేవాడు. అందుకని తుంగతుర్తి బాట పక్కనున్న మా ఊళ్ళోనే, గడ్డిపరక లేని బీట్లో, గొర్రెలు డొక్కలెగరేసుకుంటూ తిరుగుతుండేవి.

అయినా మా ఆయన జంగయ్యకు బుద్ధుంటేనా! పొట్టేళ్ళను కోదాడ సంతలో అమ్ముకొస్తానని బయలుదేరాడు. "పోకయ్యా, నీకు పుణ్యముంటది, జర నా మాటిను" అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "ఆడదాని మాటిని గడప కాడ కూసుంటనా?" అని విసవిసా వెళ్ళిపోయాడు. పొట్టేళ్ళు దారిలోనే పోయాయి. మనిషిని మాత్రం రజాకార్లు ఉంచుకున్నారు. నిజాముకు ఎదురు తిరిగిన సంఘపోళ్ళు ఎక్కడ దాక్కున్నారో చెప్పమని చేతులు వెనక్కి విరిచి కట్టి దూలానికి వేలాడదీశారు. చెప్పలేదు. అదైతే నిజం, నా మొగుడు నోరు విప్పలేదు, ఆ మాట ఎవరి ముందైనా అంటాను. చచ్చాడనుకుని వాగులో పడేసి పోతే, దారిన పోయే పుణ్యాత్ములెవరో గుర్తుపట్టి బండిలో వేసుకుని ఇంటికి తెచ్చారు.

ఊరు ఊరంతా మా ఇంటికి కదిలొచ్చింది. సంఘం పెద్ద సత్తయ్య, మంచి రైతు, మాట పడని మనిషి, మా ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "జంగన్నా, నువ్వు మొగోనివే. ఊరి పానం కాపాడినవ్" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాట మా ఆయన తలకెక్కింది. కుడిచెయ్యేమో రొమ్ము దాటి పైకి లేవనంది.

ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఎందుకంటే అప్పటి నుంచి ఆయన తలపాగా చుట్టింది నేను. పొద్దున్నే తలుపేసి, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి చుట్టేదాన్ని. అన్నం తినేటప్పుడు తల కిందికి వంచి ముద్ద అందుకునేవాడు, ఎవరైనా వస్తే ఆకలి లేదని లేచిపోయేవాడు. "ఎవలకన్న చెప్పినవో, బొక్కలిరుస్త" అనేవాడు నన్ను. ఏ చేత్తో విరుస్తావయ్యా అని నోటిదాకా వచ్చేది. మింగేదాన్ని.

మా మామ కాటయ్య విల్లులు కట్టే మనిషి. వయసులో ఉన్నప్పుడు నల్లమలలో మంద మేపుతూ, చెంచులతో కలిసి తిరిగి ఆ పని నేర్చుకున్నాడు. తోడేళ్ళ కోసం మా మంద వెంట ఎప్పుడూ ఒక విల్లు ఉండేది. ఆ ఏడు మాత్రం ఊరంతటికీ ఆ విద్య అవసరం పడింది. తుపాకులెక్కడివి మాకు! ఉన్నవి గుత్పకర్రలు, రాళ్ళు విసిరే వడిసెలలు, ఆడవాళ్ళు దంచి పెట్టిన కారం. ఊరి నడుమ పాతకాలం బురుజు ఒకటుంది. రజాకార్లొస్తే దాని మీదికెక్కి కొట్లాడాలని సత్తయ్య నిర్ణయించాడు.

బాణాల దగ్గర మా మామకున్న పట్టింపు ఇంతా అంతా కాదు. ఒకరి బాణం ఇంకొకరి చేతికి పోనిచ్చేవాడు కాదు. ఎవరి విల్లుకు వాళ్ళ బాణం. తండా నుంచి ఫూల్‌సింగ్ వచ్చి విల్లు కట్టించుకున్నప్పుడు, ముందు ఆయన చేత విల్లు గుంజించి, ఆ గుంజుడును పక్కన నిలబడి చూసి, అప్పుడు పుల్లలు ఏరడం మొదలుపెట్టాడు. "పిల్లనిచ్చినా ఇంత సూడరు గదనే కాటన్నా!" అని ఫూల్‌సింగ్ నవ్వాడు. "పిల్లయితే సర్దుకపోతది. బాణం సర్దుకపోదు" అన్నాడు మామ, మొహంలో నవ్వు లేకుండానే.

ఒంట్లో కాస్త సత్తువ రాగానే జంగయ్య తన విల్లు తీశాడు. బీట్లో తుమ్మచెట్టుకు వరిగడ్డి మోపు వేలాడదీసి కొట్టడం మొదలుపెట్టాడు. మామా నేనూ గొర్రెల దగ్గర నిలబడి చూస్తున్నాం. మొదటి బాణం మోపుకు ఎడమ పక్క నుంచి పోయింది. రెండోదీ ఎడమకే. మూడోది ఇంకా ఎడమకు పోయి పొదలో పడింది. ఆయన గురి ఎట్లాంటిదంటే, పరిగెత్తే తోడేలును ఆపిన మనిషి!

"బాణాలు పాడైనయి నాయినా! ఎండకు వంకర తిరిగినయి" అని అక్కడి నుంచే అరిచాడు.

మామ పోయి పొదలో పడ్డ బాణం తీశాడు. ఒక కన్ను మూసి, దాని పొడుగునా చూశాడు. నాకూ కళ్ళున్నాయి కదా, ఆ పుల్ల తాడు పట్టి లాగినట్టు ఉంది. వంకరా లేదు, గింకరా లేదు. మామ కొడుకు వైపు చాలాసేపు చూసి, "ఔ కొడుకా, ఎండకు పాడైనయి. కొత్తయి చేస్త తియ్" అన్నాడు.

మర్నాటి నుంచి పందిట్లో కూర్చుని కొత్త బాణాలు చెక్కసాగాడు. ఆయన పద్ధతి ఒకటుంది. పంగలున్న గుంజలు ఎదురెదురుగా నేలలో పాతి, వాటి మీద పుల్లను అడ్డంగా పెట్టి, నడిమధ్య పొట్టేలు మెడలో కట్టే కంచు గంట వేలాడదీసేవాడు. గంట బరువుకు పుల్ల ఎంత కిందికి వంగితే అంత మెత్తదన్నమాట. పాత బాణాలు ఆ గంట బరువే లేనట్టు నిలబడేవి. కొత్తవి మాత్రం ఉయ్యాల తాళ్ళలా వంగుతున్నాయి. అయినా మామ ఊరుకోకుండా ఇంకా గీకుతున్నాడు.

"ఏంది మామా, గింత సన్నగ గీకుతున్నవ్? సీపురు పుల్లల్లెక్క చేసినవ్ గద" అన్నాను.

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. "బాణం ఇడిస్తే సక్కగ పోతదనుకుంటవా? పోదు బిడ్డా. పాము లెక్క మెలిక తిరిగి, విల్లును తప్పుకొని, అవుతలికి పోయినంక సక్కగైతది. పుల్ల బిర్రుగుంటే మెలిక తిరగదు. విల్లును ఒరుసుకొని ఎడమకు కొడతది. మరీ మెత్తగుంటే కుడికి పోతది. గుంజేటోని బలమెంతనో పుల్ల బిర్రు గంతనే ఉండాలె."

"మరి విల్లు అదే గద? పాత పుల్లలు దానికి చేసినయే గద?"

"విల్లు అదే. గుంజేటోడు మారిండు."

నా చేతిలో చేట ఆగిపోయింది. మామ తల ఎత్తలేదు. "చెవు దాక గుంజేటోడు. ఇయ్యాల రొమ్ము కాడనే ఆగిపోతుండు. సగం గుంజుతున్నడు, సగం బలమే వస్తున్నది. మీరు నాకు చెప్పకుంటేంది. బాణాలు ఎటు పోతున్నయో సూస్తె నాకెరుకైతది."

"ఈ మెత్తపుల్ల సూటిగ పోతదా?"

"పోతది."

"పోయి దిగుతదా మామా?"

కత్తి ఆగింది. మళ్ళీ గీకాడు. "తోడేలైతే జడుసుకుంటది" అన్నాడు కాసేపటికి.

"వచ్చేటియి తోడేళ్ళా?"

"ఏందే ఆండాలూ, పానం తింటున్నవ్! వాని చెయ్యి దానంతట అదే మల్లొస్తది. అందాక నలుగుట్ల నగుబాటు కావద్దు. గంతే నా బాధ." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆయనకు. అత్త పోయిన దగ్గర్నుంచీ ఆ కొడుకు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. నాకు మామ మీద జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. పోనీలే, ఎట్లాగూ గొర్రెల కాడ ఉండే మనిషి, తోడేళ్ళను బెదిరిస్తే చాలు అనుకుని చేట అందుకున్నాను.

ఆ వారంలోనే సత్తయ్య బురుజు మీద ఎవరెక్కడ నిలబడాలో చెప్పాడు. వడిసెలలోళ్ళు వెనక, ఆడవాళ్ళు కింద రాళ్ళందించడానికి. విల్లులోళ్ళు ముందు, బాట వైపు, మనిషి నడుముకు కూడా రాని పిట్టగోడ దగ్గర. అక్కడ నిలబడేది ఫూల్‌సింగ్, జంగయ్య. ఆ మాట మోసుకొచ్చిన జంగయ్య మొహం చూడాలి, పెళ్ళికొడుకు మొహమే!

నేను ఆగలేదు. తల మీద కొంగేసుకుని నేరుగా సత్తయ్య కొట్టం దగ్గరికి పోయాను. ఆయన నాగలికి కర్రు దిగ్గొట్టుకుంటున్నాడు.

"సత్తన్నా, మా ఆయిన్ని ముంగట నిలబెట్టకు. ఆయన చెయ్యి లేస్తలేదు. తలపాగ గూడ నేనే సుడుతున్న. రాళ్ళు మోయమను, నీళ్ళు మోయమను, ముంగట మాత్రం వద్దు. నీ కాళ్ళు మొక్కుత."

సత్తయ్య అబద్ధాల మనిషి కాదు, నా మాట కొట్టిపారేయలేదు. కర్రు పక్కన పెట్టి లేచాడు. "నడువక్కా, అడుగుదాం. లేకుంటే ఊరికే మనిషిని పోగొట్టుకుంటం" అన్నాడు. అమ్మయ్య, బతికాననుకున్నాను.

బీట్లో అప్పటికే పదిమంది పోగై ఉన్నారు. ఫూల్‌సింగ్ ఉన్నాడు, మామ కొత్త బాణాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. సత్తయ్య నెమ్మదిగానే అడిగాడు. "జంగన్నా, చెయ్యి మంచిగ లేదంట గద? చెప్పు, సిగ్గేం లేదు. వేరే పనులు మస్తుగున్నయి."

జంగయ్య నా వైపు ఒక్క చూపు చూశాడు. తర్వాత నవ్వాడు. "మా ఆడామెకు భయం, సత్తన్నా. సూస్తవా మరి?" అని తండ్రి వైపు చెయ్యి చాపాడు.

మామ బాణాలిచ్చాడు. జంగయ్య ఒకదాన్ని తీసుకుని వేళ్ళ మధ్య దొర్లించాడు. చిన్నప్పటి నుంచి బాణాలు పట్టిన చెయ్యి అది, పుల్ల ఎంత మెత్తగా ఉందో ముట్టగానే తెలిసింటుంది. తల ఎత్తి తండ్రిని చూశాడు. మామ ఎటో చూశాడు.

బాణం మోపు నడిమధ్య దిగింది. రెండోది దాని పక్కన. మూడోది ఆ రెంటి నడుమ. జనం ఈలలేశారు. ఫూల్‌సింగ్ పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. చెయ్యి రొమ్ము దగ్గరే ఆగడం ఒక్కరైనా చూడలేదు. అందరి కళ్ళూ మోపు మీదే.

"గడ్డి గదయ్యా అది! గడ్డిల సూది గూడ దిగుతది!" అని అరిచాను. "చెక్క మీద ఏయమనున్రి! మామా, నువ్వు చెప్పు. నీకెరుకే గద, చెప్పు మామా!"

అందరూ మామ వైపు తిరిగారు. సత్తయ్య కూడా. మామ గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల భయపడ్డది, సత్తయ్యా. ఇంటికి తోలుకపోత."

నా రెక్క పట్టుకున్నాడు. ఇంటిదాకా వదల్లేదు. వెనక బీట్లో నవ్వులు చాలాదూరం వినబడ్డాయి.

ఆ సాయంత్రం జంగయ్య గడపలో నిలబడి, "నలుగుట్ల నన్ను ఆడదాన్ని చేద్దమనుకున్నవ్ గదనే" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాతో మాటల్లేవు. పొద్దున్నే మాత్రం వచ్చి, వీపు నా వైపు పెట్టి కూర్చునేవాడు, నేను చుట్టేదాన్ని. తిట్టైనా తిట్టకపోతాడా అని చూసేదాన్ని. తిట్టలేదు.

మిరుగు కార్తె పెట్టిన మొదటి వానకు నేల మెత్తబడింది. మగవాళ్ళు నాగళ్ళు బాగుచేసుకుంటున్నారు. ఒకనాడు తెల్లవారి ఇంకా జొన్నగటక పొయ్యి మీద పెట్టలేదు, డప్పు మోగింది. బాట మీద గుర్రాలు, వెనక నడిచే మంది. అందరం బురుజుకు ఉరికాం. నేను రాళ్ళ గంప నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను. కింద ఉండమన్నారు, నేనుండలేదు.

జంగయ్య పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. ముందున్న గుర్రపోడు బాగా దగ్గరకొచ్చేదాకా ఆగాడు, ఆ ఆగడంలో మాత్రం నా మొగుడు పాత జంగయ్యే. గుంజి వదిలాడు. బాణం ఎంత చక్కగా పోయిందంటే, ఎడమకూ లేదు, కుడికీ లేదు. వాడి రొమ్ము నడుమ, తోలుపట్టా మీద తగిలింది. ఒక్క క్షణం ఖాకీ అంగీకి వేలాడి, కింద పడింది.

వాడు తల వంచి రొమ్ము చూసుకున్నాడు. అంగీ దులుపుకున్నాడు.

జంగయ్య రెండోది వేశాడు. అదీ అక్కడే తగిలింది. అదీ పడిపోయింది. మూడోది తీస్తుండగా వాడు తుపాకి ఎత్తాడు.

తర్వాత కొట్లాట చాలాసేపు జరిగిందంటారు. ఫూల్‌సింగ్ బాణానికి ఒక గుర్రం కూలింది. కారం, రాళ్ళు, వడిసెలలు అన్నీ పనిచేశాయి. ఊరి చివర గుడిసెలు అంటించి వాళ్ళు వెనక్కి పోయారు. ఊరు నిలిచింది. నాకవేవీ సరిగా గుర్తులేవు. పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నోరు కదిలింది. తిట్టాడో పిలిచాడో నాకు తెలియలేదు.

ఎర్రజెండా కప్పి, డప్పులతో తీసుకుపోయి మట్టి చేశారు. సత్తయ్య ఏడుస్తూ మాట్లాడాడు, ఊరు ఉన్నన్నాళ్ళు జంగయ్య పేరు ఉంటుందన్నాడు. అంతా అయ్యాక ఫూల్‌సింగ్ బురుజు కింద ఏరిన బాణాలు తెచ్చి మామ చేతిలో పెట్టాడు. ములుకులకు మట్టి తప్ప ఏమీ లేదు.

"నా కండ్లతోని సూసిన కాటన్నా. నీ కొడుకు గురి ఒక్కటి గూడ తప్పలే" అన్నాడు ఓదార్పుగా.

"ఆనాడు బీట్లనన్న తప్పాల్సుండె" అన్నాడు మామ. ఫూల్‌సింగ్‌కు అర్థం కాలేదు. దుఃఖంలో మనిషి ఏదో అంటున్నాడని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక వాన పట్టుకుంది. మూడు పూటలుగా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మామ పందిట్లో, పుల్లల చెత్త మధ్యనే కూర్చుని ఉన్నాడు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఎందుకు చెప్పలేదు మామా? నేనడిగిన. నలుగుట్ల, మొత్తుకొని అడిగిన. ఒక్క మాట. చెయ్యి లేస్తలేదు అంటే అయిపోతుండె. రాళ్ళు మోసేటోడు. నవ్వితే నవ్వుతురు. ఇయ్యాల నా ఇంట్ల ఉండేటోడు."

"వాడు నా దిక్కు సూసిండు బిడ్డా" అన్నాడు ఆయన. "నాయినా, నన్ను ఇడవకు అన్నట్టు సూసిండు. ఊరి ముంగట వాని తలకాయ దించలేకపోయిన. నా చేతులతోని చంపుకున్న."

కాదు మామా అని నేనంటానని ఎదురుచూశాడేమో. అనలేదు. ఆయన మీద ఎంత కోపముందో ఆ రోజు నాకు తెలిసింది. ఆయన తప్ప ఈ భూమ్మీద నాకెవరూ లేరనీ ఆ రోజే తెలిసింది. ఆయన చచ్చేదాకా అన్నం వండి పెట్టాను, ఆ మాట మాత్రం ఎన్నడూ అనలేదు.

లోపలికి పోయి పొయ్యి మీద ఎసరు పెట్టాను. కట్టెలన్నీ తడిశాయి. మామ వెనకే వచ్చాడు. ఫూల్‌సింగ్ తెచ్చినవి, ఇంట్లో మిగిలినవి, మెత్తపుల్ల బాణాలన్నీ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కొక్కటే విరిచి పొయ్యిలో పెట్టాను. ఎండిన సన్నపుల్లలు, అంటుకోవడమే ఆలస్యం, ముట్టించింది ముట్టించినట్టే భగ్గుమని బూడిదయ్యాయి. ఎంత చెక్కాడు, ఎన్ని రోజులు కూర్చున్నాడు! చివరిది కూడా కాలిపోయాక ఎసట్లో వేలు పెట్టి చూశాను. నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి. మామ లేచి, తల మీద గోనె కప్పుకుని, ఎవరింట్లోనైనా పొడి పిడకలు దొరుకుతాయేమోనని వానలోకి వెళ్ళాడు.